వేసవి ప్రయాణం: బండితో పాటు డ్రైవర్నీ చెక్ చేయండి

కొన్నేళ్ల కిందట ఒక మండువేసవి మధ్యాహ్నం, మూడు గంటల వేళ, స్టీరింగ్ పట్టుకునే నేను నిద్రపోయాను. ఎంతసేపో చెప్పలేను. రోడ్డు అంచున వేసిన గరుకు గీత టైర్ల కింద గుర్రుమనేసరికి ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. వెనక సీట్లో పిల్లలు, పక్క సీట్లో నా భార్య, అందరూ నిద్రలోనే ఉన్నారు. ఆ వారమే బండిని సర్వీసింగ్‌కి ఇచ్చి, ఆయిల్ మార్పించి, టైర్లు చూపించి, ఏసీ గ్యాస్ కూడా నింపించాను. ముందు రోజు రాత్రి సామాను సర్దుకుంటూ నాలుగు గంటలే పడుకున్న మనిషిని మాత్రం ఎవరూ చెక్ చేయలేదు.

అప్పటినుంచి వేసవిలో దూరం వెళ్లాల్సి వస్తే నేను పాటిస్తున్న పద్ధతి ఇది. వారం ముందు నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా, వరసగా చెబుతాను. ఎక్కువ భాగం కారు గురించే. బైకు మీద వెళ్లేవాళ్ల కోసం మధ్యలో విడిగా రాశాను.

వారం ముందు: టైర్లతో మొదలుపెట్టండి

ఎండకు టైర్లు పేలతాయని అందరం అంటాం. ఎండ ఒక్కటే ఆ పని చేయలేదు. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టుకూ దాని పక్క గోడలు నలిగి మళ్లీ సాగుతుంటాయి. ఆ నలుగుడుకు రబ్బరు లోపల వేడి పుడుతుంది. పైన ఎండ, కింద కాలుతున్న రోడ్డు, డిక్కీ నిండా సామాను, వాటికి తోడు గంటల తరబడి వేగం. లోపలి పొరలు వదులై, ఒకచోట విడిపోయి, అక్కడ పేలుతుంది. అందుకే ‘వేసవి కదా, గాలి కాస్త తగ్గించి కొట్టండి’ అని ఎవరైనా అంటే వినొద్దు. గాలి తగ్గించే కొద్దీ టైరులో వేడి పెరుగుతుంది.

మరి ఎంత కొట్టించాలి? డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. కొన్ని బండ్లలో అది పెట్రోల్ మూత వెనక ఉంటుంది. చాలా బండ్లలో దాని మీద రెండు రకాల అంకెలు ఉంటాయి: ఒకరిద్దరు వెళ్లేటప్పటికి ఒకటి, బండి నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటికి ఇంకొకటి. కుటుంబమంతా వెళ్తుంటే ఆ రెండోదే మీ అంకె. టైరు మీదే అచ్చువేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. దాన్ని చూసి కొట్టించకండి.

కొలిచే వేళ కూడా ముఖ్యం. టైరు చల్లగా ఉండాలి, అంటే బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి, లేదా పొద్దున్నే బయటికి తీసిన వెంటనే చూడాలి. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి దాదాపు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) పెరుగుతుంది. దారి మధ్యలో బంకు దగ్గర ఆగి కొలిస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం మామూలే. అది చూసి కంగారుపడి గాలి వదిలేయకండి. సాయంత్రానికి టైరు చల్లబడ్డాక అది తక్కువ గాలి టైరు అయిపోతుంది. నైట్రోజన్ సంగతి చాలామంది అడుగుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా 22 శాతం కోసం విడిగా డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం. దానివల్ల చెడు లేదు గానీ, నెలకోసారి గేజ్ పెట్టి చూసుకునే అలవాటు అంతకంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

తర్వాత టైరు వయసు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఎక్కువ తిరగని బండికి గాడులు కొత్తవాటిలా ఉన్నా రబ్బరు మాత్రం బిరుసెక్కుతూనే ఉంటుంది. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించండి. పదేళ్లు నిండితే చూడటానికి ఎంత బాగున్నా మార్చేయండి. గాడుల లోతుకు చాలా దేశాల్లో చట్టం పెట్టిన కనీసం 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు వాటి మట్టానికి అరిగిందంటే దాని పని అయిపోయినట్టే. ఇదంతా స్టెప్నీకి కూడా వర్తిస్తుంది. నాలుగు టైర్లూ చూసి స్టెప్నీ మరిచిపోయి, దారిలో దాన్ని దించి చూస్తే అందులోనూ గాలి లేకపోవడం నాకు ఒకసారి అనుభవమే. జాకీ, వీల్ స్పానర్ బండిలో ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇంజిన్, బ్రేకులు, మిగతావి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడండి. తగ్గి ఉంటే పోసి ఊరుకోకండి. ఊరికే ఆవిరైపోయే వస్తువు కాదది. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. కూలెంట్ బదులు ఉత్తి నీళ్లు పోస్తూ నెట్టుకొచ్చేవాళ్లున్నారు. నీళ్లు త్వరగా మరుగుతాయి, లోపల తుప్పు పట్టిస్తాయి. అత్యవసరంలో ఇల్లు చేరడానికి పనికొస్తాయి, అంతే.

బ్రేక్ ఆయిల్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరే కొద్దీ తక్కువ వేడికే మరిగే గుణం వస్తుంది. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ ఆయిల్ లోపలే మరిగి బుడగలు కట్టి, పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోతుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి. ఘాట్ దిగేటప్పుడు కూడా బ్రేకు మీదే భారం వేయకుండా, చిన్న గేరులో పెట్టి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచండి. ఏ గేరులో ఎక్కాల్సి వచ్చిందో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు చెప్పే లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

బ్యాటరీ మూడేళ్లు దాటితే టెస్ట్ చేయించండి, దాన్ని లోపల దెబ్బతీసేది వేసవి వేడే. వైపర్ల రబ్బరు ఎండకు పగిలి ఉంటుంది, అదీ చూడండి. వేసవిలో వానేమిటి అనుకోవద్దు. చాలా రోజుల తర్వాత పడే వాన మొదటి పావుగంటలోనే రోడ్డు ఎక్కువగా జారుతుంది, ఎందుకంటే అన్నాళ్లూ పేరుకున్న దుమ్మూ ఆయిలూ నీళ్లతో కలిసి పలచటి జిడ్డు పొరలా పైకి తేలతాయి. అద్దం లోపలివైపు కూడా ఒకసారి తుడవండి. అక్కడ పట్టే మసక పొర మామూలుగా కనిపించదు, సాయంత్రం ఎదురెండలో మాత్రం ముందున్న రోడ్డంతా తెల్లగా కప్పేస్తుంది.

సామాను సర్దేటప్పుడు బరువైనవి డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టండి. బండి పైన కట్టే బరువు మలుపుల్లో బండిని పక్కకు లాగుతుంది. వెనక అద్దం ముందున్న పలక మీద ఏమీ పెట్టొద్దు, గట్టి బ్రేకు పడితే అక్కడున్న ప్రతి వస్తువూ మీ తల వైపే వస్తుంది. నీళ్ల సీసా డ్రైవర్ కాళ్ల దగ్గర అసలు ఉండకూడదు. అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి చేరితే పెడల్ దిగదు. ఇంత చిన్న విషయం అనిపిస్తుంది గానీ, నేను బండి ఎక్కగానే మొదట వెతికేది దాన్నే.

ముందు రోజు రాత్రి: అసలు సర్వీసింగ్

ఇక డ్రైవర్ దగ్గరికి వద్దాం. రోజుకు ఏడెనిమిది గంటలు పడుకునే అలవాటున్న మనిషి ముందు రాత్రి నాలుగు గంటలే పడుకుంటే, మర్నాడు మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎంత నిద్ర లేకపోయినా ‘నేను బాగానే ఉన్నాను’ అనే మెదడు చెబుతుంది, ఎందుకంటే అంచనా వేసేదీ ఆ నిద్ర లేని మెదడే కదా. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానమని పరిశోధనల్లో తేలింది. చాలా దేశాల్లో డ్రైవింగ్‌కు ఆ స్థాయే చట్టం గీసిన గీత. తాగి నడిపేవాణ్ణి తిడతాం, రాత్రంతా మేలుకుని నడిపేవాణ్ణి మాత్రం ‘భలే ఓపిక’ అని మెచ్చుకుంటాం.

కాబట్టి సామాను సర్దడం ప్రయాణానికి రెండు రోజుల ముందే ముగించండి. ముందు రాత్రి డ్రైవర్‌కు ఏ పనీ చెప్పకండి. ఇంట్లోవాళ్లకు ఇది కాస్త వింతగా అనిపిస్తుంది, మొదట మా ఇంట్లో కూడా నవ్వారు. డ్రైవర్ తొమ్మిదింటికల్లా పడుకోవాలి, ఏడు గంటలు పూర్తిగా నిద్రపోవాలి. అంతే.

మందులు కూడా చూసుకోండి. జలుబుకూ అలర్జీకీ వేసుకునే చాలా మాత్రలు మత్తు తెస్తాయి. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలూ అంతే. అవి వేసుకున్నవాళ్లు ఆ రోజు వెనక సీట్లో కూర్చోవడం మేలు. రోజూ బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఎండలో ప్రయాణం గురించి డాక్టర్‌తో ఒక మాట అడిగి వెళ్లండి, ఎందుకంటే కొన్ని మందులు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి. ఇన్సులిన్ తీసుకెళ్లేవాళ్లు దాన్ని డిక్కీలోనో డ్యాష్‌బోర్డు మీదో పెట్టకండి, వేడికి పాడవుతుంది.

ఎన్నింటికి బయలుదేరాలి?

ఎండ తప్పించుకోవడానికి అర్ధరాత్రి దాటాక రెండింటికి బయలుదేరేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఉద్దేశం అర్థమవుతుంది. రోడ్డు ఖాళీ, టైర్లు చల్లన. కానీ శరీరం నిద్రను బలంగా కోరే వేళలు రెండున్నాయి. ఒకటి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా, రెండోది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. రెండింటికి బయలుదేరితే ఎండను తప్పించుకుని నిద్ర ఒళ్లోకి వెళ్తున్నట్టే.

నా లెక్క ఇది: తెల్లవారుజామున ఐదు ప్రాంతంలో బయలుదేరాలి, పన్నెండున్నర, ఒంటి గంటకల్లా ఆగిపోవాలి. అక్కడ భోజనం, నిద్ర, కబుర్లు, ఏదైనా సరే, నాలుగింటిదాకా బండి కదలకూడదు. మిగిలిన దూరం సాయంత్రం. ఒక రోజులో అయ్యే దూరం కాకపోతే మధ్యలో రాత్రి బస పెట్టుకోండి. రోజులో డ్రైవింగ్ మొత్తం ఎనిమిది గంటలు దాటకుండా చూసుకుంటే మంచిది. చేరే సమయం ఎవరికీ చెప్పకండి, ‘సాయంత్రానికి వస్తాం’ అంటే చాలు. అవతల ఎవరో వండిపెట్టి ఎదురుచూస్తున్నారన్న టెన్షన్ కుడికాలి మీదికే దిగుతుంది.

వేగం గురించి ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. రోడ్డు మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 100 కిలోమీటర్ల దూరాన్ని 100 వేగంతో కాకుండా 90తో వెళ్తే ఆలస్యమయ్యేది ఏడు నిమిషాలు కూడా కాదు.

బండి ఎక్కాక

ఎండలో నిలబెట్టిన కారులోకి ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ పెట్టకండి. తలుపులన్నీ ఒకసారి తెరిచి, ఏసీ వేసి, అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి. లోపలి మంటగాలి పోయాక మూయండి. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు బెల్టు బకిల్ చేత్తో తాకి చూడండి, ఆ ఇనుప ముక్క లేత చర్మాన్ని కాల్చేయగలదు.

ఏసీలో ఇంకో సంగతి ఉంది. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి గంటల తరబడి వదిలేస్తే, నలుగురైదుగురు వదిలే ఊపిరితో కారులో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. తల బరువెక్కి కునుకు వచ్చేది ఇలాంటప్పుడే. బండి చల్లబడ్డాక బయటి గాలి వచ్చేలా మార్చండి, లేదా అప్పుడప్పుడు అద్దం కాస్త దించండి.

సీటు బెల్టు అందరికీ, వెనక కూర్చున్నవాళ్లకు కూడా. వెనక బెల్టు లేని మనిషి గుద్దుకున్నప్పుడు ముందు సీటు మీదికి తన బరువుకు ఎన్నో రెట్లు బలంతో వెళ్లి పడతాడు, ముందున్నవాడికి బెల్టు ఉన్నా ప్రాణం నిలవకపోవచ్చు. భుజం మీదుగా, నడుము మీదుగా వచ్చే ఇప్పటి బెల్టును 1959లో స్వీడన్ కార్ల కంపెనీ వోల్వోలో పనిచేసే నీల్స్ బోలిన్ అనే ఇంజినీరు రూపొందించాడు. పేటెంట్ ఉన్నా మిగతా కంపెనీలన్నీ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. అంత ఉదారంగా వచ్చిన వస్తువును మనం వీపు వెనక నుంచి లాగి, హెచ్చరిక మోగకుండా బకిల్‌లో దూర్చేస్తున్నాం. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం కూడా మానాలి. గుద్దుకున్న క్షణంలో ఎంత బలమున్న చేతులైనా బిడ్డను ఆపలేవు, పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పిల్లలకు వెనక సీటు, వయసుకూ ఎత్తుకూ తగ్గ చైల్డ్ సీటు. పక్క సీట్లో కాళ్లు డ్యాష్‌బోర్డు మీద చాపుకునే అలవాటున్నవాళ్లు కూడా అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉందని గుర్తుపెట్టుకోవాలి.

నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. బాత్రూమ్ కోసం ఆగాల్సి వస్తుందని నీళ్లు తగ్గించేవాళ్లు ఎక్కువమందే ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. శుభ్రమైన చోటు దొరకదన్న వాళ్ల బాధ నిజమే, కాబట్టి ఆగే చోట్లను ముందే చూసిపెట్టుకోండి. డ్రైవర్ మాత్రం తగ్గించనే కూడదు. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం 2015లో వెలువరించిన ఒక చిన్న ప్రయోగంలో కొందరిని రెండు గంటలు సిమ్యులేటర్ మీద నడిపించారు. గంటకు 200 మిల్లీలీటర్లు తాగినప్పుడు 47 తప్పులు జరిగితే, గంటకు 25 మిల్లీలీటర్లే ఇచ్చినప్పుడు 101 జరిగాయి. లేన్ దాటడం, బ్రేకు ఆలస్యంగా వేయడం లాంటి తప్పులవి. తాగింది నీళ్లే, తేడా మాత్రం రెట్టింపు.

ముందు బండికి కనీసం మూడు సెకన్ల దూరం వదలండి. ముందు బండి ఏదో ఒక స్తంభాన్నో చెట్టునో దాటగానే మనసులో లెక్కపెట్టండి, మూడు లోపే మీరు అక్కడికి చేరితే దగ్గరగా ఉన్నట్టు. బాగా ఎండ కాసే చోట్ల తారు కరిగి నల్లగా నిగనిగలాడే మచ్చలు కనిపిస్తాయి. అక్కడ టైరుకు పట్టు ఉండదు, గట్టిగా బ్రేకు వేయకండి. దూరంగా నీళ్లున్నట్టు కనిపించేది ఎండమావి, అది ఏమీ చేయదు గానీ దాని వెనక నుంచి వచ్చే బండి దూరాన్ని తప్పుగా చూపిస్తుంది. ఓవర్‌టేక్ చేసేముందు ఇంకాస్త ఆగి చూడండి.

నిద్ర వస్తోందని ఎలా తెలుస్తుంది? ఆవలింతలు అందరికీ తెలుసు. అసలైన గుర్తులు వేరే ఉన్నాయి. దాటి వచ్చిన ఊరి పేరు గుర్తు రాదు. గత ఐదు నిమిషాలు ఎలా నడిపారో గుర్తుండదు. రెప్పలు మామూలుకంటే నెమ్మదిగా తెరుచుకుంటాయి. బండి గీత వైపు వెళ్లడం, మళ్లీ తిప్పడం మొదలవుతుంది. ఇవి కనిపించాక పాట గట్టిగా పెట్టడం, అద్దం దించడం, మొహం కడుక్కోవడం, బుగ్గ గిల్లుకోవడం నాకు ఎప్పుడూ పది నిమిషాల కంటే ఎక్కువ పనిచేయలేదు. నాలుగు సెకన్ల కునుకులో 100 వేగంతో వెళ్తున్న బండి 110 మీటర్లు దాటిపోతుంది, కళ్లు మూసుకునే.

పనిచేసే మందు ఒక్కటే, ఆపి పడుకోవడం. నేను చేసేది ఇది: ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలకు అలారం పెట్టి పడుకుంటాను. కాఫీ ఒంటికి పట్టడానికి ఎలాగూ ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, మేలుకునేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. అరగంట దాటి పడుకుంటే మాత్రం లేచాక తల దిమ్ముగా ఉంటుంది. పడుకునేటప్పుడు బండిని రోడ్డు అంచున పెట్టకండి, బంకులోనో విశ్రాంతి ప్రాంగణంలోనో నీడ చూసి పెట్టండి. అద్దాలు మూసి ఇంజిన్ నడుస్తూ ఏసీలో నిద్రపోవద్దు, పొగ గొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే వాసన కూడా తెలియదు. అంత ఎండలో ఏసీ లేకుండా కారులో ఎలా పడుకోవాలంటారా? కారులో కాదు, దిగి నీడలో బెంచీ మీదో, లోపల కుర్చీలోనో పడుకోవాలి.

రెండు గంటలకోసారి, నిద్ర వచ్చినా రాకపోయినా, దిగి పది నిమిషాలు నడవండి. పక్క సీట్లో కూర్చున్న మనిషికి కూడా ఒక ఉద్యోగం ఉంది: ఆ మనిషి నిద్రపోకూడదు. ఫోను, మ్యాప్, టోల్, పిల్లల గొడవ, అన్నీ ఆ సీటు బాధ్యతే. నిద్రొస్తే వెనక్కి వెళ్లి ఇంకొకరిని ముందుకు పంపాలి.

బైకు మీద అయితే

వేసవిలో దూరం బైకు మీద వద్దనే నా సలహా. తప్పదంటే పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత నడపండి. గాలి తగిలితే చల్లగా ఉంటుందనుకుంటాం. బయటి గాలి మన చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు ఆ గాలే ఒంట్లోకి వేడిని తోస్తుంది, చెమటను మనకు తెలియకముందే ఆరబెట్టేస్తుంది. అందుకే చొక్కా గుండీలు విప్పుకుని నడిపేవాడికంటే నిండు చేతుల వదులైన నూలు బట్టలు వేసుకున్నవాడే ఎక్కువ దూరం వెళ్లగలడు. మెడ చుట్టూ తడిగుడ్డ కట్టుకోండి, ఆగిన ప్రతిచోటా మళ్లీ తడపండి. కొస మెడకు బిగుతుగా దోపుకోవాలి, వేలాడితే చక్రంలో పడుతుంది. చీర కొంగు, చున్నీ విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

ఉక్కపోతకు హెల్మెట్ తీసి అద్దానికి తగిలించడం వేసవిలో ఎక్కువగా చూస్తాం. పరిశోధనలన్నీ కలిపి చూస్తే హెల్మెట్ ప్రాణాపాయాన్ని 42 శాతం, తలకు గాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేలింది. గాలి రంధ్రాలున్న లేత రంగు హెల్మెట్ తీసుకోండి, లోపల పలచటి నూలు టోపీ పెట్టుకుంటే చెమట కళ్లలోకి రాదు. చెప్పులతో నడపకండి. గంటకోసారి ఆగండి.

ఆపిన కారులో ఎవరినీ వదలకండి

ఈ ఒక్క విషయంలో ‘రెండు నిమిషాలే కదా’ అనే మాట వద్దు. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన కారు లోపల పది నిమిషాల్లో 45 డిగ్రీలు, అరగంటలో 54 డిగ్రీల దాకా చేరుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. చిన్న పిల్లల ఒంట్లో వేడి పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా పెరుగుతుంది. నిద్రపోతున్న బిడ్డను లేపడం ఇష్టం లేక వదిలి వెళ్లడం, వెనక ఉన్నాడన్న సంగతే మరిచిపోవడం, రెండూ జరుగుతున్నవే. మరిచిపోయేది ప్రేమ లేనివాళ్లు కాదు, అలవాటు మారిన రోజున అలసిపోయిన ఎవరైనా మరిచిపోగలరు. అందుకే మీ ఫోనో పర్సో వెనక సీట్లో బిడ్డ పక్కన పెట్టండి, దాని కోసమైనా వెనక తలుపు తీస్తారు. ఇంటి దగ్గర బండిని ఎప్పుడూ తాళం వేసే ఉంచండి, ఆడుకుంటూ లోపలికి దూరిన పిల్లలకు తలుపు తీయడం రాదు. ముసలివాళ్ల విషయంలో కూడా, పెంపుడు కుక్కల విషయంలో కూడా ఇదే నియమం. పవర్ బ్యాంకు, లైటర్, సెంటు డబ్బా లాంటివి కూడా దిగేటప్పుడు తీసుకెళ్లండి.

దారిలో ఏదైనా జరిగితే

టైరు పేలితే పెద్ద చప్పుడవుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది, కానీ తొక్కకూడదు. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా, నిటారుగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. బండి దానంతటది వేగం తగ్గాక ఇండికేటర్ వేసి పక్కకు తీయండి. ఇది చదివితే సరిపోదు. ఖాళీ రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ‘ఇప్పుడు పేలితే’ అని మనసులో రెండు మూడుసార్లు చేసి చూసుకోండి.

ఇంజిన్ వేడి ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తుంటే ముందు ఏసీ ఆపండి. వెంటనే ఆగే చోటు లేకపోతే హీటర్ పూర్తిగా వేయండి. ఆ ఎండలో అది నరకమే, కానీ ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. చోటు దొరకగానే ఆపి ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట దాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి, లోపల మరుగుతున్న కూలెంట్ ఒత్తిడితో మొహం మీదికి చిమ్ముతుంది. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోయొద్దు, లోహం పగలొచ్చు.

బండి ఆగిపోతే వీలైనంత పక్కకు పెట్టి, హజార్డ్ లైట్లు వేసి, అందరినీ ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి దించండి. రెయిలింగ్ ఉంటే దానికి అవతల నీడలో నిలబెట్టండి. ఎండగా ఉందని బండిలోనే కూర్చోబెట్టడం అతి ప్రమాదం, వెనక నుంచి వచ్చే లారీ మీ బండి కదులుతోందనే అనుకుంటుంది. త్రికోణం బోర్డును కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి, వేగమైన రోడ్డయితే ఇంకా దూరంగా.

వడదెబ్బ గుర్తులు బండిలో ఉన్న అందరికీ తెలిసి ఉండాలి. తలనొప్పి, వికారం, కండరాల పట్లు, విపరీతమైన చెమట మొదటి దశ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లో ఓఆర్‌ఎస్ ద్రావణమో కొద్దికొద్దిగా తాగించాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను పోగుగా కాకుండా అంచు మట్టానికి కొలిచి కలపండి. మాట తడబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, స్పృహ తప్పడం, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 పనిచేస్తుంది. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని ఉండకండి. ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు, దొరికితే ఐసు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు ఈ వేడిని తగ్గించవు.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు తీసుకున్న జాగ్రత్తలు వచ్చేటప్పుడు ఉండవు. సెలవు అయిపోతోంది, మర్నాడు ఆఫీసు, రాత్రికి రాత్రే కొట్టేద్దామనిపిస్తుంది. అందరూ అలసిపోయి ఉంటారు, టైర్లలో గాలి వారం కిందట చూసింది. నేనిప్పుడు సెలవు పెట్టేటప్పుడే ఒక రోజు ఎక్కువ పెడతాను, ఇల్లు చేరిన మర్నాడు ఊరికే ఉండటానికి. బయలుదేరే ముందు రాత్రి అక్కడివాళ్లతో కబుర్లు ఎంత బాగున్నా తొమ్మిదింటికి లేచి వెళ్లిపోతాను. పొద్దున గేజ్ తీసి మళ్లీ ఐదు టైర్లూ చూస్తాను.